తువాలు కింద కూర్చున్న స్ట్రైకరు

“గోలు ఎక్కడికీ పోదండీ, వాచ్‌మనే వస్తాడు. అందుకని గోలుకి వీపు పెట్టి నిలబడటం నాకు చిన్నప్పుడే అలవాటైపోయింది. అందరూ గేటు వైపు చూస్తూ ఆడితే నేను వీధి మలుపు చూస్తూ ఆడాను. ఏదీ, ఆ కాలు కాస్త ముందుకి పెట్టండి.”

పెట్టాను. బొటనవేలి దగ్గర నొక్కి చూసి, ఇది వద్దని ఆ బూటు పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నం కావడంతో బూట్ల షాపులో ఇంకెవరూ లేరు. గోడల నిండా అట్టపెట్టెలు, కొత్త రబ్బరు వాసన. బూట్లు తొడిగే ఆయనది పొట్టి పీట. ఎడమ మోకాలు నేలకి ఆనించి, కుడికాలు గడకర్రలా ముందుకి చాపి కూర్చుంటాడు. పీట మీద నుంచి లేవాలంటే ముందు గోడకున్న అర పట్టుకోవాలి, తర్వాత ఊపిరి బిగపట్టాలి. ఆ తర్వాతే లేవడం. ఒకప్పుడు ఈయన గిర్రున తిరిగి కొట్టే బంతి కోసం స్టేడియమంతా లేచి నిలబడేదట. ఆ సంగతి షాపుకి వచ్చేవాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు మాత్రం ఇప్పటికీ ‘తువాలు’ అనే పిలుస్తారు.

చిన్నప్పుడు ఆ వీధి పిల్లలకి గోడౌను ఇనప గేటే గోలు. బంతి తగిలితే వీధంతా మోగేది, ఆ మోతకి వాచ్‌మన్ కర్ర పుచ్చుకుని వచ్చేవాడు. పొడుగ్గా ఉన్నాడని ఈయన్ని ముందు నిలబెట్టి, మలుపు మీద కన్నేసి ఉంచమన్నారు. కాపలా కాస్తూనే బంతిని వెనక్కి తిప్పి కొట్టడం నేర్చాడు. గేటు మోగితే గోలు, వాచ్‌మన్ కనబడితే పరుగు. అచ్చాఫీసులో పనిచేసే తండ్రి విసుక్కునేవాడు: “ఎదురుగా ఉన్నది చూడవు, వెనకాల ఉన్నది చూస్తావు. ఎలా బాగుపడతావురా నువ్వు?”

అలాగే బాగుపడ్డాడు. ఓ క్లబ్బువాళ్లు చూసి తీసుకున్నారు. బంతి రాగానే కుడి మోకాలి మీద బొంగరంలా తిరిగి ఎడమ కాలితో కొట్టడం ఆయన పని. ఎవరెంత నేర్పినా ఇంకో రకంగా ఆడలేదు, ఆడాల్సిన అవసరమూ రాలేదు.

“ఆటంతా పెట్టి చూస్తే బంతి నా దగ్గర ఉండేది కాసేపేనండీ. మిగతా అంతా వీపు మీద ఇంకొకడి మోచెయ్యి. పెళ్లైన కొత్తలో మా ఆవిడ అడిగింది, మీరు ఆడేది కాళ్లతో కదా, వీపెందుకు వాచింది అని.”

తలుపు గంట మోగింది. ఆవిడే వచ్చింది, చేతిలో భోజనం సంచి. నన్ను చూసి తలూపి, సంచి బల్ల మీద పెట్టి ఆయన వైపు తిరిగింది.

“ఏమండీ, డాక్టరుగారి దగ్గర్నుంచి మళ్లీ ఫోనొచ్చింది. ఏం చెప్పమంటారు?”

“ఆలోచిస్తున్నానని చెప్పు.”

“ఆ మాట వినీ వినీ వాళ్లకీ విసుగొచ్చింది. సాయంత్రంలోగా చెప్పకపోతే ఆపరేషను రోజు ఇంకొకరికి ఇచ్చేస్తారట.” నాతో అంది: “ఇంటి మెట్ల మధ్యలో ఆగిపోతారండీ. ఎవరైనా చూస్తే ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తారు. రోజూ ఆ ఫోన్లో ఎవరో నాకైతే అర్థం కాదు.”

“నా మోకాలే. అది వదిలితేగా!” అన్నాడు ఆయన.

“దాంతో మాట్లాడినంత సేపు నాతో ఎప్పుడైనా మాట్లాడారా?” అని నవ్వుతూనే అంది గానీ, తలుపు దగ్గర ఆగి మరోసారి “సాయంత్రంలోగా” అని వెళ్లింది.

సంగతేమిటంటే, మోకాలు మారిస్తే నొప్పి పోతుంది, మూడంతస్తులూ హాయిగా ఎక్కొచ్చు. కాకపోతే అరిగిపోయింది కుడిది ఒక్కటే కాదు. ఇన్నేళ్లు దాని బరువు మోసి ఎడమది కూడా పాడైంది. రెండూ మార్చాలన్నారు. మార్చాక ఇలా నేలకి మోకాలు ఆనించి కూర్చునే పని పెట్టుకోవద్దన్నారు. అంటే ఈ పీట వదులుకోవాలి. ఓనరమ్మ మంచిదే, “కౌంటర్లోకి వచ్చేయండి బాబాయ్” అంటూనే ఉంది. ఈయనకి అది ఇష్టం లేదు.

“కౌంటర్లో కూర్చుంటే మనుషుల మొహాలు కనబడతాయి. నాకు కాళ్లయితేనే అలవాటు. కొత్త బూటు వేసుకున్న పిల్లాడు ముందు వేళ్లు కదుపుతాడు, నవ్వేది ఆ తర్వాతే. పీట మీద నుంచి లేస్తే అది ఎలా చూస్తానండీ?”

ఇంకో జత తెచ్చి తాళ్లు వదులు చేస్తూ తువాలు కథ మొదలుపెట్టాడు. అడగకుండానే చెప్పాడు.

ఆ క్లబ్బులో ఏళ్ల తరబడి ఉన్నాక, వయసు ముప్పై దాటాక, ఉన్నట్టుండి ఆయన్ని అమ్మేశారు. కొన్నది ఆ ఊళ్లోనే ఉన్న రెండో క్లబ్బు. రెండు క్లబ్బులదీ ఒకే స్టేడియం. నడవాలో ఎడమవైపు పాత క్లబ్బు గది, కుడివైపు కొత్త క్లబ్బు గది. ఒప్పందం ఒక్క ఏడాదికే. బాగా ఆడితేనే మరో ఏడాది. ఇంట్లో ఆవిడకి నెలలు నిండుతున్నాయి.

ఆయనకో అలవాటుండేది. సగం ఆట అవ్వగానే నడవా మొదట్లో ఉన్న బకెట్లోంచి తడి తువాలు తీసుకుని నెత్తిన కప్పుకునేవాడు. నేల చూసుకుంటూ నడిచి వెళ్లి తన చిలక్కొయ్య కింద కూర్చునేవాడు. మళ్లీ ఆట మొదలయ్యేదాకా ఎవరూ పలకరించకూడదు. అందరికీ తెలిసిన నియమమే.

పాత జట్టుతో మొదటిసారి ఆడుతున్న రోజు. సగం ఆట అయింది. తువాలు కప్పుకున్నాడు, నేల చూసుకుంటూ నడిచాడు. కాళ్లు ఎడమవైపుకే తిరిగాయి.

“పెద్ద తువాలండీ, నడుం దాకా ఉంటుంది. నిక్కర్లు రెండు జట్లవీ తెల్లవే. రోజూ ఆ మూల తువాలు కప్పుకున్న మనిషిని చూసి చూసి వాళ్ల కళ్లూ అలవాటు పడ్డాయి. ఎవడూ ఏమీ అనలేదు.”

పాత కోచ్ మొదలుపెట్టాడు. ఆ గొంతు వింటుంటే ఈయనకి హాయిగానే ఉందట. “ఆ ముసలాణ్ణి చూసి భయపడకండి. వాడి కుడి మోకాలు అయిపోయింది. డాక్టరు చెప్పాడు, అందుకే వదిలించుకున్నాం. కుడిపక్క మూసేయండి, చాలు. వాడికి తిరగడం తప్ప వేరే ఆట రాదు. ఈ చలికాలం దాటడు.”

“నేను తలాడించాను కూడా! ఎవడో పాపం, ఇంట్లోవాళ్లకి తెలుసో లేదో అనుకున్నా. అప్పుడు తువాలు అంచు కిందనుంచి మేజోళ్లు కనబడ్డాయి. వరసంతా ఎర్రవి, నావి రెండూ పచ్చవి.”

లేవబోయాడు. పక్కనున్న గోల్‌కీపరు ఎప్పటిలాగే “ఇంద అన్నా” అని నీళ్ల సీసా అందించాడు, ఈయనా అందుకున్నాడు. ఆ చేతి వెంట పచ్చ చొక్కా బయటపడింది. గోల్‌కీపరు కేక పెట్టాడు. గది గదంతా పడిపడి నవ్వింది. “అద్దె కట్టి కూర్చో అన్నా!” అన్నారెవరో. నవ్వనిది ఇద్దరే, కోచ్ ఒకడు, అన్నేళ్లూ ఆ మోకాలికి మాలిష్ చేసిన ముసలాయన ఒకడు. అందరూ తాత అనే ఆ ముసలాయన లేచి, ఈయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

“నిజమేనా తాతా?”

“నిజమేరా. నీకు చెప్పొద్దన్నారు. ఇందాకటిదాకా మాకే తెలుసు, ఇప్పుడు నీకూ తెలుసు. పో, ఆడుకో.”

ఎదురు గదిలో కొత్త కోచ్ మండిపడుతున్నాడు: “ఇంతసేపూ ఎక్కడ తగలడ్డావ్?”

“పాత ఇంటికి వెళ్లొచ్చాను సార్.”

అక్కడా నవ్వులే. మోకాలి మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే ఆ ఏడాదితో ఆఖరు.

“నేను విన్నాను కదా, వాళ్లు ఎత్తు మారుస్తారనుకున్నా. మార్చలేదు. నేను విన్నంత మాత్రాన నా మోకాలు మారదుగా! ఇద్దరొచ్చి కుడిపక్క నిలబడ్డారు. బంతి వచ్చింది. తిరగలేదండీ, తిరుగుతున్నట్టు భుజం ఒక్కటి కదిపాను. ఇద్దరూ నా మీదకి వచ్చేశారు. వాళ్లు ఖాళీ చేసిన చోట మా కుర్రాడున్నాడు. బంతి అటు తోశాను.”

వాచ్‌మన్‌ని చూస్తూ వెనక ఎవరున్నారో పసిగట్టిన అలవాటు ఆ పూట పనికొచ్చింది. ఆ కుర్రాడు గోలు కొట్టాడు. ఆట సమానంగా ముగిసింది. పేపర్లో ఈయన పేరు రాలేదు. కానీ తువాలు సంగతి ఊరంతా పాకింది, నవ్వు ఆగలేదు. తర్వాతి ఆటకి జనం తువాళ్లు పట్టుకొచ్చి ఊపారు. మొదట్లో వెక్కిరింపుకే ఊపారు, రానురాను ప్రేమగా ఊపారు.

ఆ చలికాలం దాటాడు. ఇంకా చాలా దాటాడు. గోల్స్ కొట్టడం తగ్గింది, పక్కవాళ్ల చేత కొట్టించడం పెరిగింది. ఆ ఆట వేరని, చాలా ఆలస్యంగా నేర్చానని అంటాడు. గోల్స్ కొట్టే ఆట మీద బెంగ ఉండేదా అని అడిగితే, తాళ్లు బిగించాడు.

“ఉండేది. ఉండకుండా ఎలా ఉంటుంది?”

బూటు సరిపోయింది. ఆయన అర పట్టుకున్నాడు, ఊపిరి బిగపట్టాడు, కానీ లేవలేదు. మళ్లీ కూర్చుండిపోయి షాపు మధ్యలో ఖాళీగా ఉన్న చోటుని చాలాసేపు చూశాడు. నా పాదాన్ని చూశాడు. గాలిలో అరచెయ్యి పెట్టి, కొంచెం పైకి జరిపి చూసుకున్నాడు.

“మీరు మలుపు మీదుగానే కదా వెళ్లేది? అక్కడ వడ్రంగి ఉంటాడు, నాకు తెలిసినవాడే. ఎత్తు బల్ల ఒకటి చెయ్యమన్నానని చెప్పండి. పిల్లలు ఎక్కడానికి మెట్లు కావాలి, పట్టుకోవడానికి కమ్మీ కావాలి. వాళ్లు పైన కూర్చుంటే, కింద నిలబడ్డ నా చేతికి పాదం అందాలి. ఎత్తెంత అంటే నా బొడ్డు దాకా అనండి, వాడే చూసుకుంటాడు. ఓనరమ్మతో నేను మాట్లాడతా. దారిలో మా ఆవిడ కనబడినా ఏమీ అనకండి, ఆపరేషనుకి సరేనన్న మాట నేనే చెప్పాలి. వెళ్లండి, నా మనసు మళ్లీ మారకముందే వాడికి చెప్పేయండి.”