తామ్వేలో బ్లాక్‌పూల్ ఇల్లు

మధ్యాహ్నం రెండు దాటింది. తెల్లారిన దగ్గర్నుంచీ వాన తెరిపివ్వలేదు. పొద్దున తిన్న బఠాణీ అన్నం దండాసి కడుపులో ఎప్పుడో అరిగిపోయింది. టీ కొట్టు బల్ల మీద ఉండే ఫ్లాస్కులోని పచ్చ టీకి ఎవరూ డబ్బులడగరు కాబట్టి కప్పు మీద కప్పు అదే పోసుకుంటున్నాడు. ఆకలినైతే టీతో మాయ చేయొచ్చు. నడుం మాట వినడం లేదు.

మొన్న నది అవతల తన్లిన్ గోదాములో బియ్యం బస్తాతో తడి చెక్క మీద నడుస్తుంటే కాలు జారింది. అప్పటినుంచి వంగితే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. గోదాం మేస్త్రీయే చూసి, "కొన్నాళ్ళు కదలకుండా పడుకోరా. నడుం పోతే నిన్నింకెవులు పిలుత్తారు?" అన్నాడు. దండాసికి కావలసింది ఒక మంచం. ఆ మంచం వీధికి అవతలే, చెక్కమేడ మీద ఉంది. అద్దె కడుతున్న మంచమే. కానీ పొద్దున్న తొమ్మిదికి బయటికొచ్చాక సాయంత్రం అయిదు దాకా ఆ ఇంట్లోకి వెళ్ళకూడదు. అది ఫ్లోరెన్స్ ఆంటీ రూలు.

బుల్లియ్య గొడుగు దులుపుకుంటూ వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. అతనూ ఆ మేడలోనే ఉంటాడు. గోడలకు రంగులేస్తాడు కాబట్టి వాన రోజున పనుండదు.

"ఏటి మావా, కొట్టు నీ పేర రాయించీసుకున్నావేటి?"

"నవ్వించకురా. నవ్వితే నడుం లాగెత్తంది."

"ఎల్లి ఆంటీనడగొచ్చు కదా."

"అడిగితే ఏటంటాది? బ్లాక్‌పూల్ల ఇలాగే అంటాది."

"అవును. బ్లాక్‌పూల్ల ఇసకలో పిల్లల్ని మోసే గాడిదలికి శుక్రారం సెలవట. మనకి నేదు."

"మనం గాడిదలం కాదు కదరా. ఏటి సేత్తాం?"

ఫ్లోరెన్స్ పుట్టింది బర్మాలో, ఈ తామ్వే పేటలోనే. ఆమె తాత రేవు పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే చర్చిలో కలిశాడు. ఆమె వయసులో ఉన్నప్పుడు ఒక డాక్టరు కుటుంబం, పిల్లల్ని చూసుకోవడానికని ఇంగ్లండు తీసుకెళ్ళింది. పిల్లలు పెద్దయ్యాక ఆమె బ్లాక్‌పూల్ అనే సముద్రపు ఊళ్ళో, విడిదికొచ్చేవాళ్ళకి గదులిచ్చే ఇంట్లో పనికి కుదిరింది. పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. జుట్టు నెరిశాక తిరిగొచ్చి ఈ మేడ అద్దెకి తీసుకుంది. మంచాలు వేసి కూలీనాలీ జనానికి ఇచ్చింది. వీధిలో బర్మావాళ్ళు మర్యాదగా డా ఫ్లోరెన్స్ అంటారు. మేడలోవాళ్ళకి ఆంటీ.

రాత్రి అన్నాల దగ్గర ఆమె ఆ ఊరి కథే చెప్పేది.

"రైలొచ్చేక ఆ ఊరి రాతే మారిపోనాదిరా. వచ్చేదెవులనుకున్నారు, దొరలా? బట్టల మిల్లుల్లో పన్జేసేవోళ్ళు. మీలాటోళ్ళే. ఒక్కో ఊరి మిల్లులన్నీ ఒక్కో వారం మూసీసేవోరట. ఊరు ఊరంతా బండెక్కి సముద్రానికొచ్చీసేది. అక్కడ పక్కింటోడు ఇక్కడా పక్క మంచమే."

"మరి పోడమెందుకాంటీ అంత దూరం?" అనేవాడు బుల్లియ్య.

"గాలికిరా. ఏడాదంతా దూది దుమ్ము పీల్చినోళ్ళు కదా. ఫ్రాన్సోళ్ళ గోపురం సూసి అలాటి ఇనప గోపురం కట్టుకున్నారు. చలికాలం ముందర రోడ్డు పొడుగునా దీపాలే. సముద్రంలోకి వంతెనలు మూడున్నాయి."

"అవతల ఏ ఊరు?" దండాసి అడిగాడు.

"ఏ ఊరూ నేదు. సివరి దాకా నడిసి, ఎనక్కి వచ్చీడమే."

"మూట నేకుండానా?"

"మూట నేకుండానే. దానికీ టిక్కట్టు."

ఆ మాటకి అందరూ ఎంగిలి చేతులతోనే పడీపడీ నవ్వారు.

అక్కడ గదులిచ్చే ఆడవాళ్ళంటే జనానికి హడలట. టిఫిను కాగానే అందర్నీ బయటికి తోసి తలుపేసేవాళ్ళు. వానొచ్చినా, గాలొచ్చినా, పిల్లలు ఏడ్చినా సాయంత్రందాకా తెరిచేవాళ్ళు కాదు. జనం కోట్లు కప్పుకుని రేకుల కింద నిలబడి బంగాళాదుంప వేపుడు తింటూ, మేం సరదాగా ఉన్నామని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళు. తర్వాత విమానం టిక్కెట్లు చవకయ్యాయి. ఎండ ఖాయంగా ఉండే స్పెయిను దేశానికి పోవడం మరిగారు. ఫ్లోరెన్స్ పనిచేసిన ఇల్లు కూడా మూతపడింది. ఆమె తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, ఆ ఇంటి రూళ్ళు.

టీ కొట్లో దండాసి ఇంక కూర్చోలేకపోయాడు. బుల్లియ్య భుజం పట్టుకుని వీధి దాటి, ఒక్కో మెట్టూ ఎక్కి తలుపు తట్టాడు. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ఆంటీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జుట్టు చెదిరి ఉంది.

"టైమేటి?"

"నడుం, ఆంటీ. నిలబడలేకపోతన్నాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత పక్కకి జరిగింది. "చెప్పులు కిందే ఇప్పినావు కదా? బాగయ్యేదాకా పగలు కూడా పడుకో. మిగతావోళ్ళకి సెప్పకు, అందరికీ నొప్పులొచ్చెత్తాయి. బుల్లియ్యా, నువ్వు ఇననేదు. ఎల్లు."

దండాసి తన మంచం మీద వాలాడు. దుప్పటి వెచ్చగా ఉంది. నొప్పిలో ఆ సంగతి పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మంచినీళ్ళకని గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. ఆంటీ చిన్న పీట మీద కూర్చుని, గోడకి తలానించి, చేతిలో గరిటెతో నిద్రపోతోంది. పొయ్యి మీద పప్పు మాడుతోంది. లేపడం ఇష్టంలేక నీళ్ళ కోసం చివరి గది పరదా తీశాడు. అదే ఆమె పడకగది అని అందరి నమ్మకం. లోపల గోడ నుంచి గోడ దాకా నీళ్ళ డ్రమ్ములు, బియ్యం బస్తా, ఆ ట్రంకు పెట్టె. మనిషి పడుకునే చోటు లేదు.

కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, మోటారు వేసి డ్రమ్ములు నింపడానికి ఆమె రాత్రుళ్ళు వంటింట్లో మేలుకుని కూర్చుంటుందని అందరికీ తెలుసు. నిద్ర ఎప్పుడని ఎవరూ అడగలేదు. బుల్లియ్య ఉంటున్న గది ఒకప్పుడు ఆమెదే. దాన్ని కూడా అద్దెకిచ్చేసి, పగలు అందరూ వెళ్ళాక దండాసి మంచం మీద పడుకుంటోందన్నమాట. ఇప్పుడు ఆ మంచం మీద తనున్నాడు. తను చూస్తుండగా ఆమె ఇంకో మంచం ఎక్కదు.

వెనక నుంచి ఆమె గొంతు వినపడింది. "సూసీసినావా?"

"మీరు మంచం మీద పడుకోండాంటీ. నాను కింద పడుకుంటాను."

"ఆ నడుంతో నేల మీదా? ఎర్రోడా." ఆమె మాడిన గిన్నె దించింది. "సీజన్ల మా యజమానురాలు తన గదీ అద్దెకిచ్చీసి వంటింట్లో పడుకునేది. ఆవిడ కొడుకు స్నానాల తొట్టిలో పడుకునీవోడు. పొద్దున్న పౌడరు రాసుకుని మహారాణిలాగ వచ్చేది. అద్దెకున్నోళ్ళకి తెలకూడదురా. తెలిస్తే జాలి పడతారు. జాలి పడినోళ్ళని తొమ్మిదింటికి బయటికెలా తోలతాం?"

దండాసి గోడ పట్టుకుని మంచానికి తిరిగొచ్చాడు. తను లేచి పనికి పోతే నడుం శాశ్వతంగా పోతుంది. లేవకపోతే ఈ ముసలామె పొయ్యి మీదే తూలిపడుతుంది. రెండ్రోజులు ఆ మంచం మీద దొర్లి ఆలోచించి, చివరికి బుల్లియ్యకి చెప్పాడు. మోయడానికి తనకి నడుం లేదు మరి.

బుల్లియ్యా, మేడలోనే ఉండే సూరీ కలిసి పాత సామాన్ల కొట్లోంచి మడతమంచం ఒకటి తెచ్చారు. మెట్లెక్కుతూ పెళ్ళికూతురి పల్లకీ మోస్తున్నట్టు కేకలు పెట్టారు. వంటింట్లో గోడవారగా వేసి, దుప్పటి పరిచారు.

"ఆంటీ, ఇది మీకే! రాత్రి మోటారు మేం ఏత్తాం. మీరు పడుకోండి."

ఆమె చేతులు తుడుచుకుంటూ మంచాన్ని చూసింది. దండాసి వైపు చూసింది.

ఆ రాత్రి పులుసు ఉప్పు కషాయం. ఒక్కరూ నోరెత్తలేదు. బుల్లియ్య తన కంచం తనే కడుక్కున్నాడు. సూరి కుర్చీ తెచ్చి, "కూకోండాంటీ, మీకెందుకు శ్రమ" అన్నాడు. ఆమె ఆ కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, చూడ్డానికొచ్చిన చుట్టంలా కూర్చుంది. ఎవరూ బ్లాక్‌పూల్ కథ అడగలేదు. ఆమె చెప్పలేదు.

పొద్దున్న తొమ్మిదయింది. ఆమె ఎవర్నీ పొమ్మనలేదు. వాళ్ళే గుసగుసగా మాట్లాడుకుంటూ, కాళ్ళ చప్పుడు కాకుండా దిగి వెళ్ళిపోయారు.

కాసేపటికి ఆంటీ వంటింట్లోంచి వచ్చింది. తల నున్నగా దువ్వుకుంది. మొహానికి పౌడరు రాసుకుంది. చేతిలో గుడ్డ సంచి, గొడుగు. ఆ పూట ఆమె తన్లిన్ బస్సెక్కిందని టీ కొట్టువాడు తర్వాత అన్నాడు. కాదు, ట్వంటే వైపు పడవల దగ్గర కనపడిందని సూరి అన్నాడు. ఏ వైపు పోయినా తామ్వేకి మళ్ళీ రాలేదు.

ఆమె వెళ్ళేటప్పుడు దండాసి మంచం మీద మెలకువగానే ఉన్నాడు. గుమ్మం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. బజారుకేమో అనుకోబోయాడు, కానీ బజారుకెళ్ళేవాళ్ళు అలా ఆగరు. ఎక్కడికాంటీ అని అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పాలి. ఆ ఇబ్బంది కూడా తనే పెట్టడం ఎందుకనుకుని కళ్ళు మూసుకుని, నిద్రలో ఉన్నట్టు ఊపిరి పెద్దగా తీశాడు. ఆమె ఒక్కో మెట్టూ దిగి, అడుగున ఆగి చెప్పులు తొడుక్కుని, గొడుగు విప్పింది.