కడిగి కడిగి పెట్టిన అన్నం

మా క్యాంటీన్‌లో అన్నం వండే ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. మెతుకుకి మెతుకు అంటకుండా ముత్యాల్లా వారుస్తుందని అందరికీ ముత్యాలత్త. ఆమె బియ్యం కడగడానికి కూర్చుంటే ఇక కుళాయి ఆమెదే. నీళ్లు తేటగా దిగేదాకా లేవదు. కూరలు తరిగే నేను గిన్నె పట్టుకుని పడిగాపులు పడాల్సిందే.

"అత్తా, బియ్యం కడుగుతున్నావా, వాటి పాపాలు కడుగుతున్నావా?" అనేదాన్ని.

"తినేదాంట్లో మురికి ఉండకూడదే. నోరు మూసుకుని నీ పని చూసుకో" అనేది.

నాకు ఒళ్లు మండేది. కానీ ఆ అన్నం ముందు కూర్చుంటే ఎంత కోపమైనా దిగిపోయేది, అదీ నిజమే.

ఆమెకు ఒక్కతే కూతురు. మా పక్క గదిలోనే ఉంటారు. అల్లుడు లారీ డ్రైవరు, ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిపోతుంటాడు. ఆ పిల్లకి తొలి కాన్పులో మగపిల్లవాడు పుట్టాడు. బొద్దుగా ఉండేవాడు, తల్లికి పాలకు కొదవలేదు. మూడో నెలలో పాలు తాగడం మానేసి, ఆయాసపడి, ఆసుపత్రికి చేర్చేలోగానే పోయాడు. బాలింత పథ్యం మధ్య కూతురు ఒకటి రెండుసార్లు తిన్న పప్పు పాలల్లోకి దిగి బిడ్డకు పడలేదని ముత్యాలత్త తేల్చేసింది. రెండో కాన్పుకు పప్పు పూర్తిగా మాన్పించింది. ఆ ఆడపిల్లా మూడో నెలలోనే, అలాగే పోయింది. అప్పుడు అనుమానం కూరల మీదికి మళ్లింది.

మూడో బిడ్డ పుట్టేసరికి బాలింత కంచంలో అన్నం, ఉప్పు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ కాసిని బియ్యాన్నీ క్యాంటీన్ బియ్యం కంటే ఎక్కువగా కడిగేది. చుక్క లేకుండా గంజి వార్చి ఎదురింటి ఇస్త్రీ అతనికి ఇచ్చేసేది. "కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయమ్మా" అని కూతురంటే, "బాలింతకు మామూలే" అనేది. ఒకరోజు నేను కాస్త కూర తీసుకెళితే గుమ్మంలోనే అడ్డం పడింది.

"నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కదాన్నైనా దక్కనివ్వవే."

ఆ మాటకి ఎంత మొండిదైనా వెనక్కి తిరగాల్సిందే.

మూడో నెల వచ్చింది. ఒక ఉదయం కూతురు పాపను ఎత్తుకుని మా గదిలోకి పరుగెత్తుకొచ్చింది. "వదినా, ఇది ఏడుస్తోంది చూడు. గొంతు రావట్లేదు" అంది. పాప నోరు తెరుచుకుని ఉంది, ముఖం కందిపోయింది, డొక్కలు ఎగిరిపడుతున్నాయి. చిన్న చప్పుడు కూడా లేదు. "వాళ్లిద్దరూ పోయేముందు ఇలాగే ఏడ్చారు వదినా." వెనకే వచ్చిన ముత్యాలత్త గుమ్మంలో కూలబడి, "ఇంక కంచంలోంచి తీసేయడానికి ఏముందే?" అంది. తిట్టాలో ఏడవాలో తెలియక ఆటో కోసం పరుగెత్తాను.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ బిడ్డను చూసి, తల్లి కాళ్లు నొక్కి చూసి, "నువ్వేం తింటున్నావమ్మా?" అని అడిగింది. విన్న వెంటనే పాపకు సూదిమందు వేయించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "పాలు ఎన్నున్నా, తల్లి ఒంట్లో లేని విటమిను పాలల్లోకి ఎక్కడినుంచి వస్తుంది? బి వన్ అలాంటిది. బియ్యం పైపొరలో ఉంటుంది. మరలో పాలిష్ పడితే చాలావరకు పోతుంది. మిగిలిన కాస్తా కడిగిన నీళ్లలోనూ, వార్చిన గంజిలోనూ పోతుంది. పప్పులూ కూరలూ తింటే ఆ లోటు తీరేది. అవన్నీ మాన్పించారు."

సాయంత్రానికి ఆయాసం తగ్గి పాప రొమ్ము పట్టింది. గొంతు రావడానికి ఇంకొన్నాళ్లు పడుతుందన్నారు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. కూతురు మాత్రం ఏడవలేదు. మర్నాడు డాక్టరమ్మ రాగానే అడిగింది. "మా ముందు పిల్లలకీ ఈ సూదే కావాల్సిందా?"

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "వాళ్లను చూడకుండా చెప్పలేనమ్మా. అయి ఉండొచ్చు" అంది.

ముత్యాలత్త అప్పుడే క్యారియర్‌తో తలుపు దగ్గరికి వచ్చింది. గంజి వార్చని అన్నం, పప్పు, రెండు కూరలు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. అంతా విన్నది. కూతురు అరిచి ఉంటే బాగుండేది, నాలుగు తిట్టినా బాగుండేది. ఆ క్యారియర్ వైపు చూసి, బిడ్డను రెండో రొమ్ముకు మార్చుకుని, "వదినా, రేపటినుంచి నాకు నువ్వు వండి తీసుకురా" అని మాత్రం అంది.

ముత్యాలత్త వరండాలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నీళ్లలో నాని నాని ముడతలు పడిన చెయ్యి.

"నేను పెట్టింది అన్నమే కదే?" అంది.

"అన్నమే అత్తా" అన్నాను.

వినపడనట్టు మళ్లీ అడిగింది. "అన్నమే కదే?"