చాట్‌బాట్ చెప్పిన రెండు మోతాదులు

పంజాగుట్టలో నేను జూనియర్ డాక్టరుగా పనిచేసే ఆసుపత్రిలో ఆ ఉదయం ఓపీ కిక్కిరిసి ఉంది. సనత్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్. కిడ్నీలు అప్పటికే బలహీనంగా ఉన్నాయి కాబట్టి మందు మోతాదు తగ్గించాలి. ఎంత తగ్గించాలో గుర్తు రాక, బల్ల కింద ఫోన్ పెట్టుకుని చాట్‌బాట్‌ను అడిగాను. ఒక మోతాదు చెప్పింది. అనుమానం వచ్చి మళ్లీ అడిగితే, అంతే ధీమాగా వేరే మోతాదు చెప్పింది.

సీనియర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తలుపు దగ్గర జనం తోసుకుంటున్నారు.

"ఫోన్ల చూస్తున్నవా బిడ్డా? మా కోడలు సుత గట్లనే చూసి చెప్తది. నమ్మబుద్ధి గాక నీ దగ్గరికొచ్చిన" అంది ఆవిడ.

లేచి పోలేను, చీటీ రాయలేను. చివరికి, "అమ్మా, నాకు ఖచ్చితంగా తెలియడం లేదు. పెద్ద డాక్టరుగారిని కనుక్కుని రాస్తాను, కాసేపు బయట కూర్చోండి" అన్నాను.

"కూసుంట తియ్, ఫికర్ చెయ్యకు."

గంట తర్వాత సీనియర్ ఫోన్ చేసి, ఆ మందే వద్దని వేరేది రాయించారు. ఆవిడ చీటీ తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మిగిలినవాళ్లందరినీ చూశాను గానీ, బాగా తెలిసిన మందు రాస్తున్నా చెయ్యి ఆగిపోతూనే ఉంది.