వలలు చిరిగిన చోట

రేవు వెనక సందులో, రేకుల షెడ్డులో, ముప్పై ఏళ్ళుగా వలలు బాగుచేసే మనిషిని అందరూ ఓడాయన అనేవారు. ఆయనకు సొంతంగా చిన్న పడవైనా లేదు. అది వెటకారానికి పెట్టిన పేరు. యుద్ధకాలంలో సరుకు వేసుకుని బయల్దేరి మళ్ళీ కనబడని ఒక ఓడను వెతుకుతున్నాడాయన. అందులో బాయిలర్‌కు బొగ్గు వేసినవాడు ఆయన మేనమామ, ఆయన పుట్టకముందే పోయాడు. తమ్ముడు పోయాడనే మాట అమ్మ తన చివరి రోజు వరకూ ఎవరినీ అననివ్వలేదు.

"నాకంటే ముందే ఈయనకు ఆ ఓడతో పెళ్ళయిందని తెలిస్తే మా నాన్న ఈ సంబంధం చేసేవాడే కాదు," అని భార్య నవ్వేది. పోనుపోను ఆ నవ్వడం కూడా మానేసింది.

వెతుకులాట పనిలోంచే మొదలైంది. ఒక చలికాలం మూడు పడవల వలలు ఒకే తీరుగా చిరిగి వచ్చాయి. రాయికి తగిలితే తాడు పీచుపీచుగా అరుగుతుంది. ఇవి కోసినట్టు తెగాయి, తెగినచోట తుప్పు మరకలున్నాయి. అప్పటినుంచి చిరిగిన వల తెచ్చిన ప్రతివాణ్ణీ ఎక్కడ, ఎంత లోతులో అని అడిగి, గోడమీది సముద్రపటంలో చుక్క పెట్టేవాడు. పంతొమ్మిదేళ్ళకు చుక్కలు ఒకచోట గుమిగూడాయి.

సముద్రం అడుగు కొలవడానికి వచ్చిన ఇంజినీరమ్మ చుట్టూ ఆ పటం పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి ఆమె జాలిపడో విసుగెత్తో ఒక పూట ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళి అక్కడ కెమెరా దింపింది. ఓడ ఉంది, పక్కకు ఒరిగి, వలపీలికలు కప్పుకుని. చివర రెండు మెలికలు వేసే తన చేతి ముడులను ఆయన ఆ పీలికల్లో గుర్తుపట్టాడు. 

ఇంతలో ఆమె తెరమీద వేలు పెట్టింది. ఓడ అంచున రెండు ఇనుపకమ్ములు బయటికి చాచి ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

"ప్రాణాపాయంలో దింపుకునే పడవ ఇక్కడ వేలాడుతుందండీ. ఉన్నపళంగా మునిగితే ఇలా ఉండదు. దింపారు. కొందరైనా ఎక్కుంటారు."

కానీ ఏ ఒడ్డుకూ ఎవరూ చేరలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఊహలో మేనమామ ఓడతోపాటు ఒక్కసారిగా మునిగిపోయేవాడు. ఆ రోజునుంచి చిన్న పడవలో కూర్చుని ఉన్నాడు, నోరెండిపోయి, ఒడ్డు ఎటో తెలియక.

ఓడవాళ్ళ ఆప్తుల్లో ఇంకా బతికున్నది ఒక్కరే. ఆ ఓడలో వంటవాడి భార్య, తొంభై రెండేళ్ళ మనిషి, మనవరాలి దగ్గర ఒక అపార్ట్‌మెంటులో ఉంటోంది. చెప్పాలా వద్దా అని ఆయన వారం రోజులు కొట్టుమిట్టాడాడు. ఓడ దొరికిందని మాత్రం చెప్పి వచ్చేద్దామని వెళ్ళాడు. ఆ మాట వినగానే ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన బాగా భయపడ్డాడంటావా బాబూ?"

ఆయన నోరు జారాడు. "పడవ దింపుకున్నారు మామ్మా. కొందరు బయటపడ్డారు."

ఆమె తలుపువైపు చూసింది. తర్వాత, "అయితే వస్తూ ఉంటాడు," అంది.

ఆ సాయంత్రంనుంచి ముందు తలుపు గడియ వెయ్యనివ్వడం లేదు. మనవరాలు షెడ్డుకొచ్చి ఏడ్చినంత పని చేసింది.

"ఇన్నాళ్ళూ నిమ్మళంగా ఉండేది బాబాయిగారూ. మీరేం చెప్పారు?"

 ఇప్పుడు ఆయన రోజూ పొద్దు వాలగానే వెళ్ళి ఆ ముసలామె పక్కన కుర్చీలో కూర్చుంటున్నాడు.  మెట్లమీద అడుగుల చప్పుడైతే ఇద్దరూ ఒకేసారి తల తిప్పుతారు. చప్పుడు పై అంతస్తుకు వెళ్ళిపోతుంది.