సుద్ద అంటని అరచేతులు

పాత కాలనీలో మీరంతా బాగున్నారా? మోకాళ్ల నొప్పుల వాళ్లు మందులు మానలేదు కదా? పిల్లల దగ్గులు తగ్గాయా? బొగ్గుబాయి డ్యూటీకి దిగినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరుతున్నారా? ఇవన్నీ అడగకపోతే నాకు అన్నం సహించదు. మా దగ్గర మాత్రం బాగాలేదు. మా పక్క క్వార్టరు అన్న మొన్న గురువారం పోయారు.

బొగ్గుబాయిలో ముప్ఫై ఏళ్లు పార పట్టిన మనిషి. రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో పిల్లలకు బరువులెత్తడం నేర్పేవారు. తల్లీతండ్రీ లేని నా మనవరాలికి డెడ్‌లిఫ్ట్ అంటే ప్రాణం. నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా లేపాలి. నడుము గట్టిదే, చెయ్యి జారేది.

"నడుముకేం ఫికర్ లేదు బిడ్డా, వేళ్లే ఇడుస్తున్నయ్," అనేవారు అన్న. తడి గోనెసంచులు పిండించేవారు. నిండు బకెట్లు రెండు చేతులా పట్టించి షెడ్డు చుట్టూ నడిపించేవారు. పైన పైపుకు వేలాడమని చెప్పి, తాను కింద చాయ తాగుతూ కూర్చునేవారు.

"తాతా, ఇంకెంతసేపు?"

"నా చాయ అయిపోయేదాక."

"ఎప్పుడో అయిపోయింది, ఉత్త గిలాస తాగుతున్నవ్!"

దాని అరచేతులు కాయలు కాశాయి. ఆడపిల్ల చేతులు ఇట్లా అయితే ఎట్లా అని నా దిగులు. సెలక్షన్ పోటీకి బస్సులో వెళ్తుంటే అది నా భుజం మీద నిద్రపోయింది. సంచిలోంచి కొబ్బరినూనె తీసి దాని రెండు అరచేతులకూ రాశాను. కొంగుతో తుడిచాను కూడా. దానికి మెలకువ రాలేదు.

పోటీలో పట్టు జారకుండా చేతులకు పూసుకున్న సుద్దపొడి ముద్దకట్టింది. మూడుసార్లూ బరువు మోకాళ్ల దాకా లేచి, జారి పడింది. తాడు అవతల నిలబెట్టిన అన్నను చివరికి లోపలికి రానిచ్చారు.

"ఏడాది నుంచి ఏం నేర్పినవ్ తాతా?" అని అది ఏడ్చింది.

అన్న కడ్డీని తడిమి, వేళ్లు వాసన చూసుకుని, నా వైపు చూశారు. "తప్పు నాదే బిడ్డా. బరువు ఎక్కువ చెప్పిన," అన్నారు.

నూనె సంగతి తెలియకుండానే అది బరువులు మానేసి కరీంనగర్ హాస్టలుకు వెళ్లిపోయింది. ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. అన్న నాతో ఒక్కసారే అన్నారు: "చెల్లె, నూనె తలకు పెట్టాలె."

చివరికి అన్నను దవాఖానలో చూసేసరికి పక్షవాతం. ఆయన కుడిచేతిలో నా వేలు పెడితే పిడికిలి మూసుకోలేదు.

"పిల్లకు చెప్పినవా?"

"లేదన్నా."

"చెప్పకు. దానికున్నది నువ్వొక్కదానివే. నీ మీద అలిగితే యాడికి పోతది?"

షెడ్డులో పైపు మీద దాని వేళ్ల సుద్దమరకలు ఇంకా ఉన్నాయి. ఆయన తుడవనివ్వలేదని వదిన చెప్పింది.

మనవరాలికి ఫోను చేశాను. ఈ ఆదివారం, పదకొండో రోజుకు, మొదటి బస్సుకు వస్తానంది. ఆయన వద్దన్నా ఆ షెడ్డులోనే చెప్తాను. విన్నాక నా ఇంటి గడప తొక్కుతుందన్న ఆశ నాకు లేదు. ఆయన ఎట్లాగూ తిరిగి రారు. ఆదివారం పొద్దున, మొదటి బస్సు.