చీనా గది తలుపులు

నా చిన్నప్పుడు నాతో ఆడుకోవడానికి ఎవరూ ఉండేవారు కాదు. అమ్మ పోయాక, శ్రీకాకుళం వైపు పల్లె నుంచి మా తాతయ్య నన్ను తాను పనిచేసే హిందీ ప్రాంతానికి, బాగ్‌బేరాలోని రైల్వే క్వార్టర్‌కి తెచ్చుకున్నాడు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. నాకొచ్చింది తెలుగు, చుట్టూ పిల్లలందరిదీ హిందీ. వాళ్ళు నవ్వితే నా మాటకే నవ్వారనుకుని లోపలికి వచ్చేసేదాన్ని. తాతయ్య వ్యాగన్లకు రంగులు వేసేవాడు. ఆదివారాలు బయట పనులు ఒప్పుకునేవాడు. నన్ను ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక సైకిలెక్కించుకుని తీసుకుపోయేవాడు.

ఒక ఏడాది మా ఆదివారాలన్నీ సాక్చి బజారు అవతల ఒక పెద్ద పాత ఇంట్లో గడిచాయి. ఆ ఇంటి తోటలో, చిన్న కొలను పక్కన, కొసలు పైకి తిరిగిన కప్పుతో ఒక చెక్క గది ఉండేది. ఎప్పుడో మొదటి యజమాని కలకత్తా నుంచి చీనా వడ్రంగులను పిలిపించి కట్టించుకున్నాడట. నాలుగు తలుపులూ నల్లటి చెక్క. ఆ నలుపులో సన్నగా తొలిచి, ముత్యపు చిప్ప ముక్కలూ లేత రంగు చెక్క ముక్కలూ పొదిగి, పువ్వులూ కొంగలూ తీర్చారు. చెయ్యి రాస్తే ఎక్కడా ఎత్తుపల్లం తగిలేది కాదు.

ఆ తలుపులు చేసిన వడ్రంగి కూతురు సాక్చిలో ఒక చెప్పుల దుకాణం వెనక గదిలో ఉండేది. ముసలామె, ఒంటరిది. ప్రతి ఆదివారం వచ్చి తలుపులు శుభ్రం చేసి వెళ్ళేది. ఎవరూ ఆమెకు డబ్బులిచ్చేవారు కాదు, అడ్డూ చెప్పేవారు కాదు. అందరూ ఆమెను చీనా నానీ, అంటే చీనా అమ్మమ్మ, అనేవారు. ఆమె హిందీ కూడా నా హిందీలాగే ముక్కలు ముక్కలుగా ఉండేది. అందుకేనేమో మా ఇద్దరికీ కుదిరింది. పుల్లకు దూది చుట్టి, నాలుకతో తడిపి, ఒక పైసా బిళ్ళంత చోటు మాత్రమే మెల్లగా తుడవమని చూపించింది. నీళ్ళు పోస్తే చెక్క ఉబ్బుతుందట, ఉమ్మి అయితే మురికిని మెత్తగా లాగేస్తుందట. మొదట అసహ్యపడ్డాను. మూడో వారం నా దూది కింద ఒక కొంగ కన్ను తెల్లగా బయటపడింది. ఊడిన ముక్కను ఆమె వేడి జిగురు రాసి బొటనవేలితో నొక్కి పట్టుకునేది. అది అంటుకునేదాకా ఇద్దరం కదలకుండా కూర్చునేవాళ్ళం. మా అమ్మ ఎలా ఉండేదో ఆ ఊళ్ళో నన్నడిగిన మొదటి మనిషి ఆమే.

ఇంటాయన కూతురి పెళ్ళి కుదిరింది. ఆ నల్ల తలుపులు శుభకార్యానికి బాగోలేవని, గీకేసి పచ్చ ఎనామిల్ రంగు వెయ్యమన్నాడాయన. వాటికి రంగు వెయ్యకూడదు సాబ్ అని తాతయ్య రెండుసార్లు చెప్పాడు. నువ్వు వెయ్యకపోతే మంట దీపంతో కాల్చి గీకేవాణ్ణి పిలుస్తానన్నాడు ఇంటాయన. తాతయ్య తలూపి వచ్చేశాడు.

మర్నాడు ఇంటివాళ్ళు చుట్టాలను పిలవడానికి ఊరెళ్ళారు. తాతయ్య సెలవు పెట్టి, చిక్కటి గంజి కాచి, గాలిపటాలకు వాడే పల్చటి కాగితం కట్ట కొని, నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. తలుపులన్నిటికీ గంజితో కాగితం అంటించాం. ఒక్క ముడత లేకుండా అరచేత్తో సర్దాడు. ఆరాక దాని మీద పచ్చ రంగు వేశాడు.

“రంగు కాయితానికే పడతాది, సెక్కకి కాదు. ఎవులికీ సెప్పకు.”

“నానీకి కూడానా తాతా?”

“ఆమెకి తెలిస్తే మొకంలో కనబడిపోద్ది. పెళ్ళయిపోనీ, మనమే ఎల్లి సెప్దాం.”

ఆదివారం ఆమె వచ్చింది. పచ్చ తలుపుల ముందు చాలాసేపు నిలబడింది. అరచెయ్యి ఆనించి తీసేసింది.  నా వైపు తిరిగి, “తుమ్ భీ థీ?” అంది. నువ్వు కూడా ఉన్నావా అని. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. నేను ఉన్నానని తలూపాను. ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మళ్ళీ ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు.

పెళ్ళయిన మర్నాడే సాక్చి వెళ్ళాం. గదికి తాళం వేసి ఉంది. మేనకోడలు వచ్చి కలకత్తా తీసుకుపోయిందని, చిరునామా తనకు తెలియదని చెప్పులాయన చెప్పాడు. తాతయ్య ఆ దుకాణం మెట్టు మీదే కూర్చుండిపోయాడు. అంత పెద్ద మనిషి తప్పు చేసిన పిల్లాడిలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“కాపాడినాను గానీ ఆమెకి సెప్పనేదమ్మా. సగం పనే సేసినాను.”

తర్వాత కలకత్తా వైపు హౌరా వెళ్ళే రైలు గార్డులను బతిమాలి ఆమె కోసం అడిగించాడు. ఎవరూ ఏ కబురూ తేలేదు. తాను కన్నుమూసే ముందు కూడా ఒకసారి అడిగాడు, ఆ నానీ ఏమైనా వచ్చిందా అని.

ఈమధ్య ఆ ఇల్లు చేతులు మారింది. పాత చెక్కపని బాగుచేసేవాళ్ళు వచ్చారని విని, నేనిప్పుడుండే మాంగో పేట నుంచి ఆటో కట్టించుకుని వెళ్ళాను. రంగు కింద కాగితం ఉంది, గోరువెచ్చటి నీళ్ళ గుడ్డ అద్దండి అన్నాను. వాళ్ళలో ఒకమ్మాయి నమ్మీ నమ్మక ఒక మూల అద్దింది. కాసేపటికి పచ్చరంగు చర్మంలా ఊడి వచ్చింది. కింద పువ్వులూ కొంగలూ నిన్న పొదిగినట్టే ఉన్నాయి. అందరూ సంబరంగా ఫోటోలు తీసుకున్నారు. నేను ఒక పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఈ మాట చెప్పాల్సిన ఇద్దరూ లేరు.

అప్పట్నుంచీ ఎవరి మేలు కోరి ఏం చేసినా, అది చెయ్యకముందే వాళ్ళ గుమ్మం ఎక్కి చెప్పి వస్తాను. నా కోడలు నన్ను తొందర మనిషి అంటుంది. ఏ రోజు మాట ఆ రోజే అందించకపోతే నాకు రాత్రి అన్నం సయించదు.