తెర మీద పేకముక్కలు

తుఫాను వచ్చిన ఏడు మా జిరాక్స్ మిషన్లోకి ఒక జెల్లచేప దూరి, ఆ వారమంతా తీసిన ప్రతి కాపీ మీదా దాని మీసాలు అచ్చు పడ్డాయని నేను చెప్పిన కథ కోట మండలంలో ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ కాపీ ఒకటి తన బావమరిది దగ్గర భద్రంగా ఉందని మొన్నొకాయన నాకే చెప్పాడు. నేను కాదనలేదు. నా కథలు నాకంటే బాగా చెప్పేవాళ్ళను చూస్తే ముచ్చటేస్తుంది. వాటి వల్ల ఎవరికీ ఏమీ పోలేదు, పీత కథ చెప్పేదాకా.

నాకు కోటలో చిన్న నెట్ సెంటర్ ఉంది. రొయ్యల గుంటల వాళ్ళకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతాను, పెళ్ళిపత్రికలు తయారుచేస్తాను. ఆదివారం మాత్రం సముద్రం వైపున్న మా ఊరి చర్చిలో ఉంటాను. అక్కడి కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా నన్నే పిలుస్తారు.

మా చర్చిలో పాటలు గోడ మీది తెర మీద కనబడతాయి. వాటిని ఇంట్లో తన పాత ల్యాప్‌టాప్‌లో టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ఆరాధన జరుగుతుంటే అందులోంచే చరణం చరణంగా తెర మీదికి పంపే పని ఒక అక్కది. వారంలో మిగతా రోజులు జాకెట్లు కుడుతుంది. ఒకప్పుడు మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట గుసగుసగా మిగిలింది గానీ పాట పోయింది. కొన్నాళ్ళు వెనక వరసలో కొంగు కప్పుకుని కూర్చుంది. తెర వచ్చాక కంప్యూటర్ ముందుకొచ్చింది. పాడేవాళ్ళు పల్లవిని మళ్ళీ తిప్పుతారో, నేరుగా చరణంలోకి పోతారో వాళ్ళు ఊపిరి పీల్చే తీరును బట్టి కనిపెట్టి మీట నొక్కేది. ఆ అక్క వేలితో పాడుతుందని మా పాస్టరయ్య ఒకసారి ప్రసంగంలోనే అన్నారు. అప్పుడు ఆమె ముఖం ఎట్లా వెలిగిందో చూసినవాణ్ణి నేను. చూసి కూడా ఈ పని చేశాను.

చర్చి వార్షికోత్సవానికి పాత ఫోటోలన్నీ కలిపి వీడియో చేస్తానని ఒప్పుకున్నాను. డబ్బు కట్టి కొనే సాఫ్ట్‌వేర్ మనకెందుకని నెట్‌లో ఉచితంగా దొరికేదాన్ని మా షాపులో పత్రికలు చేసే కంప్యూటర్‌లో వేశాను. ఆ కంప్యూటర్ ముసలిది, వీడియో ముందుకు కదల్లేదు. ఆ శనివారం చర్చికి పోయి అక్కడి కంప్యూటర్‌లోనూ దాన్నే వేశాను. అది ఏవేవో ప్రశ్నలు అడుగుతూ పోయింది. నేను చదవకుండా అన్నింటికీ సరే సరే అని నొక్కుతూ పోయాను. ఫోటోలు నా మెయిల్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడి బ్రౌజర్‌లో నా అకౌంట్ తెరిచాను. పని అయ్యాక మూసేయడం మరిచిపోయి ఇంటికొచ్చాను.

మరుసటి రోజు రెండో పాట మధ్యలో తెర మీద పాట పోయి పేకముక్కలు వచ్చాయి. దూర దేశాల్లో ఉన్న మావాళ్ళు ఆరాధన లైవ్‌లో చూడటానికని బ్రౌజర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, దాంట్లోంచి వచ్చిందది. తళుకుల గౌను వేసుకున్న ఒక అమ్మాయి ముక్కలు పంచుతూ, వచ్చి ఆడమని మా సంఘం మొత్తాన్నీ పిలిచింది. అక్క గబగబా మూసింది. మళ్ళీ వచ్చింది. చివరికి ఆమె తన కొంగు తీసి ప్రొజెక్టర్ కంటికి అడ్డం పెట్టింది.

నాకు ఆ క్షణంలోనే తెలుసు, అది నా శనివారం పని అని.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర సంఘ పెద్ద నన్ను పట్టుకున్నాడు. ఆయనకు తీరం వెంబడి రొయ్యల గుంటలున్నాయి.

"ఏందబ్బయ్యా ఇది? దేవుని సన్నిధిలో పేకాటేంది?"

చుట్టూ నలుగురు చేరారు. నలుగురు చేరితే నా నాలుక నా మాట వినదు.

"అన్నా, మన గుంటల్లో తెల్లమచ్చ తెగులు ఎట్టా వస్తాది? పీత మోసుకొస్తాది. పక్కోడి గుంటలో మునిగి, గట్టెక్కి, మన గుంటలో దిగతాది. పీత బాగానే ఉంటాది, రొయ్యలు తేలిపోతాయి. కంప్యూటర్‌కి కూడా అట్టాంటి పీత ఒకటి ఉంటాదన్నా."

"ఏందా పీత?"

"పెన్‌డ్రైవ్," అన్నాను.

కథ అంత చక్కగా అతికినందుకు లోపల ఒక్కసారి సంబరపడ్డాను కూడా. మాట బయటికి పోయాక గుర్తొచ్చింది, మా చర్చిలో పెన్‌డ్రైవ్ ఒక్క మనిషి చేతిలోనే ఉంటుందని. జాకెట్ గుడ్డముక్కతో కుట్టిన చిన్న సంచిలో దాన్ని పెట్టుకుని ఆ అక్క మా వెనకే నిలబడి ఉంది.

అక్కడున్నవాళ్ళలో రొయ్యలు పెంచనివాళ్ళు తక్కువ. వైరస్ అంటే ఏమిటో నేను కంప్యూటర్ భాషలో చెప్పి ఉంటే ఎవరికీ ఎక్కేది కాదు. పీత అన్నాక అందరికీ అర్థమైపోయింది. ఏం చేయాలో కూడా వాళ్ళకు తెలుసు. తెగులు వచ్చిన గుంట దగ్గరికి బయటి వల రాకూడదు, బయటి మనిషి కాలు పెట్టకూడదు, గట్టు చుట్టూ పీతలు ఎక్కకుండా వల కట్టాలి. వారం తిరిగేసరికి పెద్దాయన తన గుంట దగ్గర మిగిలిన నీలం వల తెచ్చి కంప్యూటర్ బల్ల చుట్టూ కట్టించాడు. ఇది నా కథ కాదు. ఆ వల కట్టిన మేకుల గుర్తులు ఇప్పటికీ ఆ బల్లకు ఉన్నాయి.

"అమ్మాయీ, నిన్నేమీ అనలేదు," అన్నాడు అక్కతో. "తెగులు పోయిందాకా గుంటకు ఫెన్సింగ్, అంతే."

"సరేన్నా," అంది ఆమె గుసగుసగా. గొంతు లేని మనిషి సరే అంటే అందులో ఎంత సరే ఉందో ఎవరికీ తెలియదు.

ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. దాని మీద రంగురంగుల గుడ్డముక్కలతో ఆమె కుట్టుకున్న మెత్త ఉంది. దాని మీద కూర్చుని, పుస్తకం చూసి నేను టైపు చేసుకున్న పాటలు తిప్పాను. నేను తిప్పేసరికి పాడేవాళ్ళు ఒక లైను ముందుంటారు, లేదా పాత లైను దగ్గర చిక్కుకుని మళ్ళీ అదే పాడతారు. వెనక వరసలో అక్క కుడిచేతి వేలు పాటల పుస్తకం అట్ట మీద సరిగ్గా అదనుకు పడుతూ ఉండేది.

ఆ పేకముక్కల దరిద్రాన్ని ఎట్లాగైనా వదిలించి, ఆమెను మళ్ళీ కూర్చోబెడితే తప్పు మాసిపోతుందనుకున్నాను, నోరు విప్పకుండానే. బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయి ఉంది, వెతికే పేజీ మారిపోయి ఉంది. సెట్టింగ్స్‌లోకి పోయి సరిచేశాను. మూసి తెరిస్తే మళ్ళీ పేకముక్కలే. నేను వేసిన సాఫ్ట్‌వేర్ తీసేశాను. దాని వెంట పిలవకుండా వచ్చిన ప్రోగ్రామ్ ఇంకొకటి ఎక్కడో ఫోల్డర్ లోపల నక్కి ఉంటే దాన్నీ తీసేశాను. కంప్యూటర్ లేచినప్పుడల్లా తనను కూడా లేపమని అది ఒక ఏర్పాటు చేసుకుని ఉంటే దాన్నీ చెరిపాను. బ్రౌజర్‌కు అతుక్కున్న ఎక్స్‌టెన్షన్‌ను పీకేశాను. స్కాన్ చేస్తే అంతా శుభ్రం అని పచ్చగా చూపించింది. తీరా ఆదివారం ప్రార్థన మధ్యలో తళుకుల గౌను అమ్మాయి మళ్ళీ వచ్చింది.

"అక్క పెన్‌డ్రైవ్ ఇప్పుడు పెట్టడం లేదు కదన్నా," అన్నాను పెద్దాయనతో, మెల్లగా దారి మళ్ళిద్దామని.

"ఒకసారి తగిలిన గుంటకు తర్వాత పంటలో కూడా తగలదా? మట్టిలో ఉండిపోతాది," అన్నాడాయన. నా కథకు నాకంటే గట్టి గోడ కట్టాడు.

ఇంట్లో నా భార్యకు అంతా తెలుసు. నా ముఖం చూసి కథ ఏదో, నిజం ఏదో చెప్పగల మనిషి ఆమె ఒక్కతే.

"ఆ అక్క నాకు జాకెట్ కుట్టి పంపింది. కొలత తీసుకునేటప్పుడు నా వైపు చూళ్ళేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాలే."

"నువ్వు చెప్తే నమ్మేదెవరయ్యా?" అంది. అప్పుడు నవ్వుకున్నాను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. ఆ పేజీ తెచ్చింది నేనేనని, పెన్‌డ్రైవ్ సంగతి నేను అల్లిన కథ అని, అక్క తప్పు ఆవగింజంత కూడా లేదని చెప్పాను. మొగవాళ్ళ వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తుఫాను గాలి మా షాపు షట్టర్ దాకా వచ్చి, నన్ను చూసి పక్క వీధికి మళ్ళిందని ఇదే చోట నిలబడి సాక్ష్యం చెప్పినవాణ్ణి మరి. పెద్దాయన లేచి కళ్ళు తుడుచుకున్నాడు.

"చూడండి, ఆడకూతురి పరువు కోసం నేరం తన మీద వేసుకున్నాడు. ఎంత మంచి మనసబ్బయ్యా నీది!"

సంఘమంతా ఆమెన్ అంది. నా మీద పూలు పడినట్టయింది. ఏ పువ్వుకూ నేను తగినవాణ్ణి కాను.

బయట అక్క నా కోసం ఆగి ఉంది.

"తమ్ముడా, నాకోసం అబద్ధం ఆడబాక. ఇంక నాదే తప్పని ఖాయంగా అనుకుంటారు."

"అది నిజమక్కా!"

"నాకూ అనుమానం వచ్చినాది, నా ల్యాప్‌టాప్ నుంచే వచ్చినాదేమోనని. పెన్‌డ్రైవ్ మొత్తం తుడిచేసినా. ల్యాప్‌టాప్ కూడా. నువ్వే చెప్పినావు గదా, తెగులు తగిలిన గుంట ఎండగట్టాలని."

నేను అట్లా చెప్పలేదు. కథ తనంతట తాను పెంచుకున్న ముక్క అది. "పాటలు?" అని అడిగాను.

"అన్నీ పోయినాయి. మళ్ళీ టైపు చేసుకుంటాలే," అని చెప్పులేసుకుంది.

ఆమె గొంతు పోయిన తర్వాత పోగుచేసుకున్న పాటలవి. కొన్ని ఏ పుస్తకంలోనూ లేవు. ముసలమ్మల నోట విని రాసుకున్నవి.

తర్వాత కొన్నాళ్ళకు పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఒక పత్రికకు బొమ్మ కావాలని షాపులో మూలనున్న ముసలి కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచాను. పేకముక్కలు! తళుకుల గౌను! పై మూలన గుండ్రంగా నా అకౌంట్ ఫోటో, నేనే నవ్వుతూ. అదే ఫోటో చర్చి కంప్యూటర్ మూలన కూడా ఉంది. ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉన్నా పట్టించుకోలేదు. చర్చిలో నేను ఎన్నిసార్లు పీకినా, నేను ముందు ఇక్కడ వేసి మరిచిపోయిన ప్రోగ్రామ్ ఆ ఎక్స్‌టెన్షన్‌ను నా అకౌంట్‌లో మళ్ళీ పెడుతోంది. అకౌంట్ అక్కడా తెరిచే ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని మళ్ళీ చర్చిలో దిగుతోంది.

వెంటనే తీసేయబోయి చెయ్యి వెనక్కు తీసుకున్నాను. ఇది ఒక్కటే నా మాటకు సాక్ష్యం.

శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీసు ఉంటుంది. ఆ కంప్యూటర్‌ను మోపెడ్ మీద ముందు పెట్టుకుని, దుప్పటి చుట్టి, కాలవగట్టు వెంట తీసుకుపోయాను. చర్చిలో ప్రొజెక్టర్‌కు తగిలించి బ్రౌజర్ తెరిచాను. తెర నిండా పేకముక్కలు పరుచుకున్నాయి.

"ఇది నా షాపు కంప్యూటరన్నా. దీనికి అక్క పెన్‌డ్రైవ్ ఎప్పుడూ తగల్లేదు. ఇదీ నా ఫోటో. అదీ నా ఫోటో," అని రెండు కంప్యూటర్లలోనూ చూపించాను.

పెద్దాయన ఒకదాన్నీ ఇంకోదాన్నీ మార్చి మార్చి చూశాడు.

"అంటే పీత కాదన్నమాట. నీ గుంట నీళ్ళు కాలవలోకి వదిలి ఉండావు, మా గుంటకు ఆ కాలవ నీళ్ళే తోడుకుంటా ఉండాం."

"అవునన్నా."

"తెలిసే వదిలినావా?"

"తెలియక వదిలినా. తెలిసి ఊరుకున్నా."

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. ఆయన లేచి బల్ల చుట్టూ ఉన్న వలను తన చేతులతోనే విప్పాడు. నా వైపు చూడలేదు. నేను రెండు కంప్యూటర్లలోనూ నా అకౌంట్ మూసి, అన్నీ పీకేసి, పాస్‌వర్డ్ మార్చాను. తళుకుల అమ్మాయి మళ్ళీ రాలేదు.

పోయిన పాటలను నేను టైపు చేస్తానని అక్క ఇంటికి పోయాను. ఆమె కుట్టు మిషన్ ఆపకుండా, వద్దులే తమ్ముడా అంది. కొన్ని తనకే గుర్తు రావడం లేదట, చెప్పిన ముసలమ్మల్లో ఒకామె ఇప్పుడు లేదట.

మొన్న చిల్లకూరు దగ్గర హైవే మీద టీ తాగుతుంటే పక్కనాయన ఎవరికో పీత కథ చెబుతున్నాడు, పెన్‌డ్రైవ్ ఉన్న ఆడమనిషితో సహా. నా కథను నేనే మధ్యలో ఆపాను. "అది ఆమెది కాదన్నా, నెట్ సెంటర్ వాడిది," అన్నాను. "నీకు తెలియదులే, టీ తాగు," అన్నాడాయన.

అక్క మళ్ళీ తన కుర్చీలోనే కూర్చుంటోంది. ఇప్పుడు పాటలు తక్కువున్నాయి, ఒకటీ అరా వారానికి చేరుతున్నాయి. కూర్చునే ముందు మాత్రం ప్రతి ఆదివారం గుడ్డ సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి, అందరి ముందూ నా చేతిలో పెడుతుంది.

"చూసి ఇయ్యి తమ్ముడా."

అవసరం లేదక్కా అని మొదట్లో ఎన్నోసార్లు చెప్పాను. చెయ్యి చాపే ఉంచుతుంది. అది ఎత్తిపొడుపో, నిజంగా భయమో ఆమె ముఖంలో తెలియదు. నేను దాన్ని తగిలించి, స్కాన్ అయ్యేదాకా నిలబడతాను. వెనక వరసల దాకా వినబడేట్టు "ఏమీ లేదక్కా" అంటాను. అప్పుడు కూర్చుంటుంది. ఊపిరి పీల్చి, ఎవరూ ఇంకా నోరు తెరవకముందే, మొదటి లైను తెర మీదికి పంపుతుంది.